నీళ్ల గిన్నెలో పడుకునే బల్లి: సీమ ఇళ్లలో లెపర్డ్ గెకో ఇబ్బందులు, గూట్లోనే వాటి మందు

అనంతపురంలో మా ఇంట్లో ఆరేళ్లుగా ఒక లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి ఉంది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, పేరు జొన్న. కర్నూలు నుంచో కడప నుంచో ఎవరైనా ఫోన్ చేసి "తినడం లేదన్నా, మందేం వేయాలి?" అంటే నేను ముందు అడిగేది ఒకటే: దాని పొట్ట ఆనే చోట ఎన్ని డిగ్రీలుంది? గోడకు తగిలించిన థర్మామీటరు గది సంగతి చెబుతుంది. గెకోకి కావలసింది నేల వేడి. తీగ చివర సెన్సారుండే డిజిటల్ థర్మామీటర్లు చేపల తొట్టెల అంగడిలో దొరుకుతాయి. రెండు తెచ్చుకోండి. వెచ్చటి మూల నేల 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి, చల్లటి మూల 24 నుంచి 26. సగం తిప్పలు ఈ రెండు అంకెలు తప్పడంతోనే మొదలవుతాయి.

నీళ్ల గిన్నెలో పడుకుంటోంది, నోరు తెరుస్తోంది

ఏప్రిల్, మే నెలల్లో ఇది కనిపిస్తే రేపు చూద్దాంలే అనుకోకండి. ఒంట్లో వేడి ఎక్కువై చల్లదనం వెతుక్కుంటోంది. నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఎడారి జీవి కదా, మన ఎండ దానికో లెక్కా అని చాలామంది నమ్మకం. దాని సొంత నేల అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం వైపు రాతి ప్రాంతాలు. అక్కడా ఎండలు మండుతాయి, నిజమే. కానీ ఆ ఎండలో అది తిరగదు. పగలంతా బండల కింద, బొరియల్లో చల్లటి మట్టికి ఒళ్లు ఆనించుకుని, పొద్దుగూకాక బయటికొస్తుంది. గాజు తొట్టెకు ఆ లోతు లేదు. గది 38 అయితే తొట్టెలో ప్రతి మూలా 38 అవుతుంది, పారిపోయే చోటుండదు.

ముందు హీట్ మ్యాట్ (తొట్టె కింద పరిచే కరెంటు వేడి చాప) ప్లగ్గు పీకండి. తొట్టెను పై మిద్దె నుంచి కింది మధ్యగదికి దించండి. పడమటి గోడ పక్కన, కిటికీ ఎండ తగిలే చోట అసలు పెట్టొద్దు. బల్లిని ఐసునీళ్లలో ముంచకండి, ఆ దెబ్బకే చచ్చిపోవచ్చు. చల్లటి గదిలో, పొట్ట మాత్రమే తడిసేటన్ని మామూలు నీళ్లలో నిలబెట్టండి. అయినా తేరుకోకపోతే డాక్టరే.

ఇక ఎండాకాలమంతా పనికొచ్చే ఉపాయం మన కుమ్మరి చేతిలోనే ఉంది. రంగు పూయని పగిలిన కుండ పెంకు తీసుకుని, అంచులు అరగదీసి, ఒక పూట నీళ్లలో నానబెట్టి, చల్లటి వైపు బోర్లించండి. మన గాలి పొడిగాలి, తడి చప్పున ఆరుతుంది, ఆరుతూ పెంకులోని వేడిని లాగేస్తుంది. కుండలో నీళ్లు చల్లబడే లెక్కే ఇదీ. పోయిన మేలో మా గది 36 ఉన్నప్పుడు పెంకు కింద 29 చూపించింది. జొన్న మూడు రోజుల పాటు దాని కిందనుంచి కదల్లేదు, తోక చివర మాత్రం బయటికి కనిపించేది. రోహిణి కార్తెలో ఇది ఒక్కటీ చాలదు. గడ్డకట్టిన నీళ్లసీసాకు గుడ్డ చుట్టి, చల్లటి వైపు జాలీ మూత మీద పెట్టండి. కరిగాక మారుస్తూ ఉండాలి.

వేళ్ల చివర తెల్లటి దారం లాంటిది

దారం కాదు, కుబుసం. ఈ బల్లి పాత చర్మాన్ని ఒక్కసారిగా విడిచి, తనే తినేస్తుంది. ముందు రోజు ఒళ్లు పాలిపోయి, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. గాలిలో తేమ లేకపోతే చర్మం వేళ్ల దగ్గర చుట్టుకుపోయి ఉంగరంలా బిగుస్తుంది. నెత్తురు ఆడక వేలు నల్లబడి రాలిపోతుంది. నేను పెంచడం మొదలుపెట్టిన తొలి ఏడాది జొన్న కుడికాలి చిటికెన వేలు అలాగే పోయింది. వారం పాటు ఆ తెల్ల గీతను చూస్తూ కూడా అది మామూలేననుకున్నాను.

బిగుసుకున్నప్పుడు గోటితో పీకొద్దు, కింది చర్మం ఊడొస్తుంది. గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చటి నీళ్లలో తడిపిన టిష్యూ పరిచి, పావుగంట బల్లిని అందులో ఉంచండి. తర్వాత తడి ఇయర్‌బడ్‌ను వేలి మొదలు నుంచి చివరకు దొర్లిస్తే ఉంగరం జారుతుంది. రాకపోతే రేపు మళ్లీ.

మళ్లీ రాకుండా ఉండాలంటే తొట్టెలో ఒక తడి గుహ ఉండాలి. ఐస్‌క్రీం డబ్బా మూతకు బల్లి పట్టే రంధ్రం కోసి, లోపల నర్సరీలో దొరికే కొబ్బరిపొట్టు కడిగి పిండి వేయండి. చేత్తో నొక్కితే నీరు కారకూడదు, చేతికి చెమ్మ తగలాలి. వెచ్చటి వైపుకు దగ్గరగా పెట్టండి. బూజు వాసన వస్తే పొట్టు మార్చేయండి. తొట్టె అంతా నీళ్లు చిలకరించడం మాత్రం వద్దు. మిగతా చోట్లు పొడిగానే ఉండాలి.

చలికాలం వచ్చింది, తిండి మానేసింది

కార్తీకం దాటాక రాత్రులు 16, 17 డిగ్రీలకు దిగుతాయి. పొట్టకు వేడి తగలకపోతే తిన్నది అరగదు, పురుగులు తిన్నవి తిన్నట్టే కక్కేస్తుంది. హీట్ మ్యాట్ తొట్టె కింద మూడో వంతుకు మాత్రమే పరవండి, వేడి ఎక్కువైతే కరెంటు ఆపే థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేని మ్యాట్ పొట్టను కాల్చేస్తుంది. థర్మోస్టాట్ సెన్సారు గాలిలో వేలాడకూడదు, బల్లి పడుకునే నేలకు ఆనాలి.

పొట్ట ఉబ్బింది, రెట్ట వేయడం లేదు

కింద ఇసుక ఉందా? పెన్న ఇసుక జల్లించి పోసిన తొట్టెలు చాలా చూశాను, చూడ్డానికి అందంగానే ఉంటాయి. పురుగుతోబాటు ఇసుక పేగుల్లోకి పోయి గడ్డకడుతుంది. ఇసుక తీసేసి పేపరు పరిచి డాక్టరుకు చూపించండి.

తర్వాత నేలకు మనకు దొరికేంత మంచి వస్తువు ఇంకెక్కడా దొరకదు: నాపబండ. కడపలోనో బేతంచెర్లలోనో బండలు కోసే చోట ముక్కలు అడగండి. నునుపు చేయని ముఖం పైకి ఉంచితే కాలికి పట్టు ఉంటుంది, గోళ్లు వాటంతటవే అరుగుతాయి. పైగా మ్యాట్ వేడిని పట్టి ఉంచుతుంది. బండ మీద బండ పేర్చొద్దు, జారితే బల్లి నలిగిపోతుంది.

కాళ్లు వంకర, దవడ మెత్తన

కాల్షియం లోపం. సరీసృపాల కోసం అమ్మే కాల్షియం పొడిని పురుగులకు అద్ది పెట్టాలి, వారంలో ఒకటి రెండుసార్లు విటమిన్ డీ3 కలిసినది. తాంబూలం సున్నం కూడా కాల్షియమే కదా అని ఒకాయన అడిగారు. దయచేసి వద్దు, నోరు కాలిపోతుంది. వంకర తిరిగిన ఎముక పూర్తిగా సరికాదు కాబట్టి ఇది ముందే చూసుకోవాలి. పురుగులకు ఒక రోజు ముందు మునగాకు మేపితే ఆ బలమూ బల్లికి చేరుతుంది.

పొలాల్లో పట్టిన కీచురాళ్లు పెట్టొద్దు. పత్తికీ వేరుశనగకూ కొట్టిన మందు వాటి ఒంట్లో ఉండొచ్చు. తినకుండా మిగిలిన కీచురాళ్లను తొట్టెలో ఉంచకుండా తీసేయండి, నిద్రపోతున్న బల్లిని కొరుకుతాయి.

తోక సన్నబడుతోంది

కొవ్వు దాచుకునేది అక్కడే. ఒకే తొట్టెలో రెండున్నాయా? విడదీయండి, బలమైనది రెండోదాన్ని తిననివ్వదు. ఒంటరిదే అయినా సన్నబడుతుంటే, వేడీ తిండీ సరిగ్గా ఉండీ తగ్గుతుంటే, తాజా రెట్ట డబ్బాలో వేసుకుని పరీక్షకు తీసుకెళ్లండి. ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. బయల్దేరే ముందు ఫోన్ చేసి బల్లులను చూసే డాక్టరు ఆ రోజు ఉంటారా అని కనుక్కోండి. ప్రయాణానికి గాలి రంధ్రాల డబ్బా, అడుగున టిష్యూ, తెల్లవారుజామున బస్సు. మధ్యాహ్నం ఎండలో కారులో ఒక్క నిమిషం కూడా వదిలిపెట్టకండి.