వెస్ట్ బ్యాంక్ మ్యాప్‌ని ఎలా చదవాలి

పాలస్తీనా వార్త చదివిన ప్రతిసారీ ఇంతకీ ఈ ఊరు ఎక్కడుంది, అక్కడ ఎవరి పెత్తనం నడుస్తుంది అని మీకు అయోమయంగా ఉంటే, తప్పు మీది కాదు. వార్తలో ఊరి పేరు ఉంటుంది, ఎన్ని ఇళ్లు కూల్చారో ఉంటుంది, ఆ ఊరు మ్యాప్‌లో ఏ రంగు కింద ఉందో మాత్రం ఉండదు. నేనైతే చాలాకాలం గాజా, వెస్ట్ బ్యాంక్ ఆనుకుని ఉంటాయనే అనుకున్నాను. ఆ రెండింటి మధ్య ఇజ్రాయెల్ ఉంది. గాజాది వేరే కథ, ముట్టడి కథ, దాని జోలికి ఇక్కడ పోవట్లేదు. ఇది వెస్ట్ బ్యాంక్ గురించి మాత్రమే.

ముందు సరైన మ్యాప్ తెచ్చుకోండి. మామూలు అట్లాస్ పనికిరాదు. ఐక్యరాజ్యసమితి మానవతా సహాయ విభాగం ఓచా వేసే మ్యాప్‌లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పెద్ద సైజుది దింపుకుని కంప్యూటర్‌లో తెరవండి, ఫోన్‌లో చూస్తే కళ్లు పోతాయి తప్ప ఏమీ అర్థం కాదు.

తెరిచాక మొదట గ్రీన్ లైన్ పట్టుకోండి. 1949లో ఇజ్రాయెల్‌కీ పొరుగు అరబ్ దేశాలకీ కుదిరిన కాల్పుల విరమణ ఒప్పందాల్లో ఆకుపచ్చ సిరాతో గీసిన గీత కాబట్టి ఆ పేరు. ఆ గీతకి తూర్పున, జోర్డాన్ నది దాకా ఉన్న 5,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల వెస్ట్ బ్యాంక్. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ దాన్ని జోర్డాన్ చేతిలోంచి తీసుకుంది, అప్పటి నుంచి అక్కడ సైనిక కమాండర్ ఇచ్చే ఆర్డరే చట్టం. ఉదాహరణకి అదే ఏడాది వచ్చిన 101వ నంబర్ ఆర్డర్ చూడండి: రాజకీయ విషయం మీద పదిమందికి మించి గుమిగూడాలంటే సైన్యం పర్మిషన్ కావాలి. తూర్పు జెరూసలేంని ఇజ్రాయెల్ తనలో కలుపుకున్నానంది గానీ ప్రపంచంలో ఎక్కువ దేశాలు ఒప్పుకోలేదు.

ఇప్పుడు రంగులు. 1995లో ఇజ్రాయెల్‌కీ పాలస్తీనా నాయకత్వానికీ కుదిరిన రెండో ఓస్లో ఒప్పందం ఈ నేలని ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడగొట్టింది. ఏ అంటే పెద్ద పట్టణాలు, సుమారు 18 శాతం, అక్కడ పాలన, పోలీసులు రెండూ పాలస్తీనీయుల సొంత పాలనా సంస్థ అయిన పాలస్తీనా అథారిటీవే. బీ సుమారు 22 శాతం, అక్కడ బడి, ఆసుపత్రి లాంటివి అథారిటీవి, భద్రత మాత్రం ఇజ్రాయెల్‌ది. మిగిలిన 60 శాతం సీ, అక్కడ అన్నీ ఇజ్రాయెల్ సైన్యానివే. ఇది కొన్నేళ్ల తాత్కాలిక ఏర్పాటు అన్నారు, ముప్పై ఏళ్లు దాటింది.

చాలామంది ఇక్కడే పొరపడతారు. ఏ, బీ రంగుల్ని చూసి 40 శాతం పాలస్తీనీయుల చేతిలో ఉంది కదా అనుకుంటారు. అలా కాకుండా సీని సముద్రం అనుకుని చూడండి. సీ అంతా ఒకే ముక్క, ఏ, బీలు మాత్రం అందులో తేలుతున్న 160కి పైగా లంకలు. ఒక లంక నుంచి ఇంకో లంకకి పోవాలంటే సముద్రం దాటక తప్పదు. పోనీ లంక మీదైనా నిశ్చింతగా ఉంటారా అంటే అదీ లేదు. జెనిన్ ఏ కిందే ఉంది, 2025 జనవరిలో సైన్యం జెనిన్ శరణార్థి శిబిరంలోకి, తర్వాత తుల్కరెమ్ వైపు శిబిరాల్లోకి వెళ్లాక పదుల వేలమంది ఇళ్లొదిలి పోవాల్సి వచ్చింది.

సీలో ఇల్లు కట్టడం ఎలా ఉంటుందో తెలిస్తే సగం వార్తలు వాటంతట అవే అర్థమవుతాయి. పిల్లలు పెద్దయ్యారు, ఇంకో గది వేసుకోవాలి, భూమి తాతల నాటిది. పర్మిట్ కోసం వెళ్లాల్సింది సివిల్ అడ్మినిస్ట్రేషన్ దగ్గరికి, పేరులో సివిల్ ఉంది గానీ అది ఇజ్రాయెల్ రక్షణ శాఖ కింద పనిచేసే ఆఫీసు. అక్కడ పాలస్తీనీయుల దరఖాస్తుల్లో 95 శాతానికి పైగా తిరస్కరిస్తారు. విసిగిపోయి పర్మిట్ లేకుండానే కట్టుకుంటారు, తర్వాత కూల్చివేత నోటీసు వస్తుంది, ఓ తెల్లారుజామున బుల్డోజర్ వస్తుంది. నీళ్ల తొట్టి, గొర్రెల దొడ్డి, సోలార్ పలకలు, వేటికీ మినహాయింపు లేదు. కాబట్టి వార్తలో అక్రమ కట్టడం అన్న మాట కనిపించగానే ఆగి, అనుమతి ఇవ్వాల్సింది ఎవరు, ఎంతమందికి ఇచ్చారు అని అడగండి. మ్యాప్‌లో దక్షిణాన హెబ్రోన్ కొండల దగ్గర అడ్డగీతలు కొట్టిన చోటు చూడండి, అది మసాఫెర్ యట్టా. 1980లలో దాన్ని 918వ నంబర్ ఫైరింగ్ జోన్, అంటే సైన్యం కాల్పులు ప్రాక్టీసు చేసే చోటు అన్నారు, అక్కడి గొర్రెల కాపరుల ఊళ్లని ఖాళీ చేయించవచ్చని 2022 మేలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇంకో చిట్కా, భూమి లెక్క వచ్చినప్పుడు డునమ్ అంటారు. వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు 25 సెంట్లు. వందల డునమ్‌లు ప్రభుత్వ భూమిగా ప్రకటించారు అని చదివితే నాలుగుతో భాగించండి, ఎన్ని ఎకరాలో తెలిసిపోతుంది.

తర్వాత గోడ. 2002లో మొదలుపెట్టారు, రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు రోజులు, ఆత్మాహుతి దాడుల్లో ఇజ్రాయెలీలు బస్సుల్లో, హోటళ్లలో చనిపోతున్న కాలం, దాడులు ఆపడానికే కట్టామని ఇజ్రాయెల్ వాదన. సరే, ఆ వాదన మనసులో పెట్టుకునే మ్యాప్‌లో గ్రీన్ లైన్ మీద వేలు పెట్టి, ఇంకో వేలు గోడ మీద పెట్టి కిందికి జరపండి. రెండు వేళ్లూ ఎన్నిసార్లు విడిపోతాయో చూడండి. గోడ దారిలో దాదాపు 85 శాతం గ్రీన్ లైన్ మీద కాదు, వెస్ట్ బ్యాంక్ లోపల ఉంది. కల్కీలియా పట్టణం దగ్గర ఆపి చూస్తే మూడు వైపులా గోడే. భద్రత కోసమే అయితే సరిహద్దు మీదే కట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్నకి నాకు ఇంతవరకూ సరైన జవాబు దొరకలేదు. లోపలికి చొచ్చుకొచ్చిన గోడ, దాంతోపాటు ఉన్న ఏర్పాట్లు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జూలైలో చెప్పింది. 2024 జూలైలో అదే కోర్టు అసలు ఆక్రమణే చట్టవిరుద్ధం, వీలైనంత త్వరగా ముగించాలి అంది. రెండూ సలహా అభిప్రాయాలే, అమలు చేయించే పోలీసు ఎవరూ లేరు.

ఇక దూరాలు. ఇక్కడ స్కేలు పెట్టి కొలవకండి. రమల్లా నుంచి బెత్లెహేంకి నేరుగా పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, జెరూసలేం మీదుగా దారి. కానీ వెస్ట్ బ్యాంక్ గుర్తింపు కార్డు ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండా జెరూసలేంలో అడుగు పెట్టకూడదు. అందుకని తూర్పుగా చుట్టు తిరిగి, వాదీ అల్ నార్ అనే నిటారు మలుపుల లోయ దిగి ఎక్కి, కంటైనర్ అనే చెక్‌పోస్టు దాటి వెళ్లాలి. వాదీ అల్ నార్ అంటే అగ్గి లోయ. ఎంతసేపు పడుతుందో దారిలో సైనికుడి చేతిలో ఉంటుంది. బయల్దేరే ముందు డ్రైవర్లు ఫోన్‌లో గ్రూపులు చూసుకుంటారు, అక్కడ చెక్‌పోస్టు పేరు, పక్కన ఒక్క మాట: సాలెక్ అంటే దారి ఖాళీ, అజ్మా అంటే జామ్. ఓచా 2025 మొదట్లో లెక్కపెడితే చెక్‌పోస్టులు, ఇనుప గేట్లు, మట్టి దిబ్బలు అన్నీ కలిపి 849 అడ్డంకులు తేలాయి.

నంబర్ ప్లేట్ కూడా గమనించండి, ఫొటోల్లో పనికొస్తుంది. తెలుపు మీద ఆకుపచ్చ అక్షరాలుంటే పాలస్తీనా బండి, పసుపు పచ్చది ఇజ్రాయెల్ బండి. కొండమీద ఎర్ర పెంకుల ఇళ్లు వరుసగా కనిపిస్తే అది చాలామటుకు సెటిల్మెంట్, అంటే 1967 తర్వాత ఇజ్రాయెలీలు వచ్చి కట్టుకున్న ఊరు, అందులో ఉండేవాళ్లు సెటిలర్లు. తూర్పు జెరూసలేం కాకుండానే ఐదు లక్షలమంది దాకా సెటిలర్లు ఉన్నారు. ఆక్రమించిన నేల మీదికి సొంత పౌరుల్ని తరలించకూడదని నాలుగో జెనీవా ఒప్పందం 49వ అధికరణం.

మ్యాప్‌లో కనిపించని గీత ఒకటుంది. ఒకే రోడ్డు మీద ఒక సెటిలర్ కుర్రాడు, ఒక పాలస్తీనా కుర్రాడు రాళ్లు విసిరారనుకోండి. మొదటివాడికి ఇజ్రాయెల్ మామూలు కోర్టు, రెండోవాడికి సైనిక కోర్టు. అసలు కేసే పెట్టకుండా ఆరు నెలలు లోపల ఉంచి, మళ్లీ ఆరు నెలలు పొడిగించే పద్ధతి కూడా ఉంది, వార్తల్లో అడ్మినిస్ట్రేటివ్ డిటెన్షన్ అనేది అదే, ఆధారాలు లాయర్‌కి కూడా చూపించరు.

చివరగా మ్యాప్ జూమ్ చేసి గోడ వెంబడి చిన్న చిన్న గేటు గుర్తులు వెతకండి. అవి రైతుల గేట్లు. ఇల్లు ఇటు, ఆలివ్ తోట అటు. 2023 అక్టోబర్ దాకా కొన్ని గేట్లు రోజూ తీసేవాళ్లు, కొన్ని వారానికి కొన్ని రోజులు, చాలావరకు అక్టోబర్, నవంబర్ కోతలప్పుడు మాత్రమే. పర్మిట్ ఉన్నవాడు నిచ్చెన, కాయలు రాల్చుకునే టార్పాలిన్ పట్టాలు భుజాన వేసుకుని పొద్దున్నే వచ్చి నిలబడేవాడు, సైనికుడు వచ్చి తాళం తీసేదాకా.