ఎండలు ముదిరేలోపు ఇంట్లో ఇంక్యుబేటర్ (పొదిగే మిషన్) పెట్టి కోడిగుడ్లు పొదిగించేవాళ్ళకు: ఆ మూత ముట్టుకోకండి

పోయిన ఆదివారం రాత్రి పదకొండు దాటాక చంద్రగిరి పక్క పల్లె నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామా, ఇంక్యుబేటర్లో పిల్లలు అరస్తా ఉండాయి. రెండు గుడ్లకు పొద్దున్నే చిల్లు పడింది, ఇంకా బయటికి రాలే. పెంకు తీసేసేదా?"

"తియ్యొద్దురా. మూత ముట్టుకోవద్దు. పోయి పడుకో" అన్నాను.

వాడు పడుకోలేదు. మా చెల్లెలు, పక్కింటి అక్క, ఇద్దరు చిన్నపిల్లలు టార్చి పట్టుకుని పెట్టె చుట్టూ కూర్చుంటే ఎవరికి నిద్ర పడుతుంది? తెల్లారేలోపు ఎనిమిది తొమ్మిదిసార్లు మూత తీశారు. చిల్లు పడిన రెండు గుడ్లకూ గోటితో పెంకు ఒలిచి పిల్లల్ని బయటికి తీశారు. మొత్తం పెట్టింది 48 గుడ్లు. పద్నాలుగో రోజు టార్చి వేసి చూసినప్పుడు అందులో 41 బాగున్నాయి. చివరికి బతికి నడుస్తున్నవి తొమ్మిది. చేత్తో తీసిన రెండూ మధ్యాహ్నానికే పోయాయి.

సోమవారం సాయంత్రం నేను పోయి మిగిలిన ముప్ఫై గుడ్లూ ఒక్కొక్కటే పగలగొట్టి చూశాను. ప్రతి దాంట్లోనూ పిల్ల పూర్తిగా తయారై ఉంది. బొచ్చు ఉంది, గోళ్ళు ఉన్నాయి, ముక్కు కొసన పెంకు కొట్టుకునే తెల్ల ములుకు కూడా ఉంది. గంజి ఆరిపోయి గిన్నెకు పట్టినట్టు, లోపలి పొర ఆరిపోయి పిల్ల ఒంటికి అతుక్కుపోయింది. తల తిప్పడానికి సందు లేదు. వాడేమో "మిషన్ మంచిది కాదు మామా" అంటాడు. మిషన్ చేసిన తప్పేమీ లేదు. పదేళ్ళుగా తిరుచానూరులో, రేణిగుంటలో, పాకాలలో, తెలిసిన ఇళ్ళలో ఈ ఒక్క తప్పునే చూస్తున్నాను. ఇరవై రోజులు కంటికి రెప్పలా కాచుకుంటారు, చివరి రాత్రి చేజేతులా చంపుకుంటారు.

శివరాత్రికి చలి శివశివా అని పోయింది. మన తిరుపతి ఎండలు ఉగాది దాటితే ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. అందుకే చాలామంది ఇప్పుడే పెట్టేస్తున్నారు. గంగజాతరకు పుంజులు అందుతాయని కూడా కొందరి ఆశ. ఈ జాతరకు కాదులెండి, నాటుకోడి కోతకు రావాలంటే ఐదు నెలలైనా కావాలి. పులుసు సంగతి తర్వాత, ముందు పిల్లలు బయటికి రానివ్వండి.

పద్దెనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు వరకు గుడ్డు లోపల ఏం జరుగుతుంది

పద్దెనిమిదో రోజుకు పిల్ల గుడ్డంతా నిండిపోయి, వెడల్పు వైపుకు తల తిప్పుకుంటుంది. పంతొమ్మిది, ఇరవై రోజుల్లో ముందు లోపలి పొరను పొడిచి, వెడల్పు వైపున్న గాలి అరలోకి ముక్కు పెడుతుంది. ఊపిరితిత్తులతో గాలి పీల్చడం అప్పుడే మొదలు. మీకు వినిపించే కీచుకీచు అదే. ఆ అరుపు ఆపద కాదు. ఊపిరి ఆడుతోందని అర్థం.

తర్వాత బయటి పెంకుకు నక్షత్రంలా చిన్న పగులు వస్తుంది. ఇక్కడే మనుషులు మోసపోతారు. పగులు వచ్చాక 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు, పిల్ల ఏమీ చేయనట్టే ఉంటుంది. చచ్చిపోయిందేమో, బలం చాలడం లేదేమో అని మనకు టెన్షన్. నిజానికి ఆ సమయంలో పిల్ల రెండు పనులు చేసుకుంటూ ఉంటుంది: మిగిలిన పచ్చసొనను బొడ్డు గుండా కడుపులోకి లాక్కోవడం, పొరలోని నరాల్లో ఉన్న రక్తాన్ని ఒంట్లోకి తీసుకోవడం. అవి రెండూ అయ్యాకే టెంకాయ బొండం మూతి చెక్కినట్టు పెంకును చుట్టూ కొట్టుకుని వస్తుంది. మధ్యలో మీరు ఒలిస్తే రక్తం కారుతుంది. ఇది ఎక్కడో చదివి చెప్పడం లేదు. మొదటిసారి పెట్టినప్పుడు నేనూ ఒలిచాను. బొడ్డు దగ్గర శనగగింజంత పచ్చటి సంచి వేలాడుతూ ఉంది, వేళ్ళకు రక్తం. సాయంత్రం దాకా కూడా బతకలేదు.

మూత తీస్తే ఏమవుతుందంటే, లోపలి తడిగాలి క్షణాల్లో పోతుంది. మూత మూసిన కాసేపటికి డిస్ప్లేలో మళ్ళీ 37.5 కనిపిస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. వేడి తిరిగి వచ్చింది గానీ తేమ అంత తొందరగా రాదు. ఈలోపు పగిలిన పెంకు సందులోంచి పొర ఆరుతుంది. తెల్లగా తడిగా ఉండాల్సింది గోధుమరంగు కాగితంలా బిగుసుకుంటుంది. మీరు తీసింది ఒక్క గుడ్డు కోసమే కావచ్చు, అప్పటికే పగులు పడిన ప్రతి గుడ్డూ దెబ్బ తింటుంది. మా వాడి ఇంట్లో పోయినవన్నీ అలా పోయినవే.

మా అవ్వ పొదగేసిన కోడి దగ్గరికి చివరి మూడు రోజులు ఎవరినీ పోనిచ్చేది కాదు, దిష్టి తగులుతుందని. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ లెక్క మాత్రం సరిపోయింది. కోడి కూడా ఆ రోజుల్లో గూడు వదిలి మేతకు లేవదు.

కాబట్టి పద్దెనిమిదో రోజు గుడ్లు తిప్పడం ఆపేయండి, నీళ్ళ ట్రే నింపండి, మూత వేయండి. మళ్ళీ తీసేది ఇరవై ఒకటి నిండాకే.

పెట్టే ముందు

గుడ్లు ఏడు రోజులకు మించి నిలవ ఉంచవద్దు. ఎండాకాలం అయితే ఐదు. గది వేడి 24, 25 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం అరకొరగా ఎదగడం మొదలుపెట్టి మధ్యలో చచ్చిపోతుంది. స్టవ్ పక్క అలమరలో పోగేసిన గుడ్లు సరిగా పొదగకపోవడానికి కారణం అదే. ఫ్రిజ్ మరీ చల్లన, అదీ వద్దు. మా ఇంట్లో వెనక గదిలో తడి ఇసుక మీద కుండ పెట్టి, కుండలో పొడి ఊక పోసి, మొన కిందికి వచ్చేలా గుడ్లు గుచ్చుతాం. కడగకండి. పెంకు మీద కంటికి కనపడని పూత ఉంటుంది, కడిగితే అది పోయి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. బాగా మురికి అయిన గుడ్డును కూర వండుకోండి.

అన్ని గుడ్లూ ఒకే రోజు పెట్టండి. రోజూ పెట్ట పెట్టిన గుడ్డును పెట్టినట్టే మిషన్‌లో వేసేవాళ్ళు ఉన్నారు. మొదటి గుడ్డుకు పద్దెనిమిదో రోజు వచ్చేసరికి చివరి గుడ్డుకు పదో రోజు. ఒకదాన్ని తిప్పకూడదు, ఇంకోదాన్ని తిప్పాలి. ఇక మూత తీయకుండా ఎలా కుదురుతుంది?

ఖాళీ మిషన్ ఒక రోజంతా నడిపి చూశాకే గుడ్లు పెట్టండి.

వేడి, తేమ

ఫ్యాన్ ఉన్న మిషన్‌కు 37.5 డిగ్రీలు, అంటే 99.5 ఫారెన్‌హీట్. ఫ్యాన్ లేని పెట్టెకు గుడ్డు పైభాగం దగ్గర కొలిస్తే 38.5 దాకా ఉండాలి. డిస్ప్లేను నమ్మవద్దు. గాజు గొట్టం ఉన్న పాత రకం జ్వరం థర్మామీటర్ ఇంట్లో ఉంటే గుడ్ల పక్కన పెట్టి చూడండి. ఎక్కిన అంకె దిగదు కాబట్టి లోపలి వేడి ఎంతదాకా పోయిందో దాంట్లో తెలుస్తుంది.

గుడ్డుకు చల్లదనం కన్నా వేడే శత్రువు. కరెంటు పోయి రెండు మూడు గంటలు చల్లబడినా చాలావరకు తట్టుకుంటుంది. 40 దాటి కాసేపు ఉంటే తట్టుకోదు. మన ఊళ్ళో మే నెల చిక్కు ఇదే: థర్మోస్టాట్ హీటర్‌ను ఆపగలదు గానీ గదిని చల్లబరచలేదు. పైన శ్లాబు కాలి గది 39, 40కి పోతే హీటర్ ఆగిపోయి ఉన్నా లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కింది అంతస్తులో, కిటికీ ఎండ పడని గదిలో పెట్టుకోండి. అలాంటి గది లేకపోతే ఏప్రిల్ పదిహేను తర్వాత పెట్టకండి. నేనైతే మే నెలలో మిషన్ కడిగి అటక మీద పెట్టేస్తాను.

తేమ మొదటి పద్దెనిమిది రోజులు 50 నుంచి 55 శాతం, ఆ తర్వాత 65 నుంచి 70. చవక మీటర్లు పది, పదిహేను శాతం తప్పు చూపిస్తాయి. పరీక్షించడం తేలిక. ఒక మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, మీటర్‌తో పాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూయండి. ఎనిమిది గంటల తర్వాత 75 చూపించాలి. 65 చూపిస్తే మీ మీటర్ పది తక్కువ చెబుతోందన్నమాట. ఇంకా నమ్మకమైనది తక్కెడ. పద్దెనిమిదో రోజుకు గుడ్డు బరువులో 12, 13 శాతం తగ్గాలి. 45 గ్రాముల నాటుగుడ్డు 39, 40 గ్రాముల దగ్గరికి రావాలి. తగ్గకపోతే నీళ్ళు ఎక్కువైనట్టు, మరీ తగ్గితే తక్కువైనట్టు.

చివరి మూడు రోజులు నీళ్ళు అయిపోతే? మూత తీయకుండా పోయాలి. సెలైన్ పైపు ముక్క ఒకటి గాలి రంధ్రంలోంచి నీళ్ళ ట్రేలోకి ముందే దించి పెట్టుకోండి. సిరంజితో గోరువెచ్చని నీళ్ళు ఎక్కిస్తే చాలు. పది రూపాయల పైపు లేక మూత తీసి పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇక మిగిలినవి గుర్తొచ్చినట్టు చెబుతున్నాను:

- చేత్తో తిప్పేవాళ్ళు రోజుకు మూడుసార్లో ఐదుసార్లో తిప్పండి, సరిసంఖ్య వద్దు. రాత్రి పొడుగునా ఒకే పక్క ప్రతిసారీ కింద ఉండకూడదు. పెన్సిల్‌తో ఒక పక్క ఇంటూ గుర్తు, ఇంకో పక్క సున్నా వేయండి.
- ఏడో రోజు, పద్నాలుగో రోజు చీకటి గదిలో టార్చి వేసి చూడండి. ఏడో రోజు ఎర్రటి నరాలు సాలీడు కాళ్ళలా కనిపించాలి. ఏమీ లేనివి, నరాలు పోయి రక్తపు వలయం మిగిలినవి తీసేయండి. మురిగిన గుడ్డు లోపల పేలితే మిగతావి కూడా పాడవుతాయి.
- గుడ్లు తిప్పడానికి, ఆ రెండు రోజులూ టార్చి వేసి చూడడానికి మూత తీయవచ్చు. పద్దెనిమిది తర్వాత వద్దు.
- గాలి రంధ్రాలు మూయవద్దు. కరెంటు పోయిందని దుప్పటి కప్పినా సరే, రంధ్రాలు వదిలి కప్పండి. చివరి రోజుల్లో పిల్లలకు గాలి ఎక్కువ కావాలి.
- ఇన్వర్టర్ లేకపోతే, కరెంటు కోత ఉండే రోజున ఇరవై ఒకటో రోజు పడకుండా లెక్క చూసుకుని పెట్టండి. ఊరికి పోయే పని ఉంటే పెట్టనే వద్దు.
- థర్మోకోల్ పెట్టెలో బల్బు పెట్టి సొంతంగా చేసుకున్నవాళ్ళు: బల్బుకు, థర్మోకోల్‌కు మధ్య రేకు ఉండాలి. బల్బు గాజు తగిలితే థర్మోకోల్ కరుగుతుంది, అంటుకుంటుంది. చుట్టూ జాలీ కూడా ఉండాలి, లేకపోతే పిల్ల పోయి బల్బుకు ఆనుకుంటుంది.
- వైరు అతుకు నీళ్ళ ట్రే పైన ఉండకూడదు. గ్యాస్ సిలిండర్ పక్కన పెట్టె పెట్టకూడదు. పరుపు పక్కన పెట్టకూడదు.
- అడుగున న్యూస్ పేపర్ వేయవద్దు. కాళ్ళు జారి రెండు పక్కలకు చాపుకుపోతాయి, ఆ పిల్ల నిలబడలేదు. గరుకు గుడ్డ వేయండి.
- కోళ్ళు చచ్చిన ఇంటి నుంచి గుడ్లు తేవద్దు, చుట్టాలైనా సరే. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే బర్డ్ ఫ్లూ వచ్చింది.
- గుడ్లు, పిల్లలు పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగండి. చిన్నపిల్లలు కోడిపిల్లలకు ముద్దులు పెట్టకూడదు.
- మొదట వచ్చిన పిల్ల తడిగా పొర్లుతుంటే వదిలేయండి. కడుపులో పచ్చసొన ఉంది, రెండు రోజులు మేత లేకపోయినా దానికి ఏమీ కాదు. అది ఆరాలి, మిగతావి రావాలి. అన్నీ కలిపి ఒకేసారి తీయండి.
- తీసేలోపే బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) వెచ్చగా ఉండాలి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించాలి. ఎండాకాలం పగలు బల్బు అక్కర్లేదు. పిల్లలు నోరు తెరిచి రొప్పుతుంటే బల్బు తీసేయండి.
- నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేయండి, లేకపోతే పిల్లలు మునిగి చస్తాయి.
- కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా చుక్కలు వారం లోపు పిల్లల కంట్లో వేయించండి. పశువుల ఆస్పత్రిలో ముందే అడిగి పెట్టుకోండి.
- ఇరవై ఒకటో రోజు చుట్టాలను పిలవద్దు.
- వీడియో తీయాలంటే అద్దంలోంచి తీయండి. అద్దం లేని పెట్టె అయితే వీడియో వద్దు.
- పిల్ల అరుస్తోందని తీయవద్దు. అరవడం లేదని తీయవద్దు. ఒక్క నిమిషమే కదా అని తీయవద్దు.
- పద్దెనిమిదో రోజు మూత చుట్టూ టేపు వేసి, విప్పాల్సిన తేదీ స్కెచ్ పెన్నుతో టేపు మీదే రాయండి.

మేనల్లుడు మళ్ళీ గుడ్లు పోగేస్తున్నాడు, నిన్నటికి ఇరవై ఆరు అయ్యాయట. ఈసారి పద్దెనిమిదో రోజు నేనే పోయి టేపు వేసి వస్తాను. వచ్చేటప్పుడు మా చెల్లెలి దగ్గరున్న టార్చి కూడా తెచ్చేసుకుంటాను.