పిల్లలకి చైనీస్: బొమ్మ కారుతో దారికొచ్చింది

మా ఆయన ఉద్యోగం చైనాలోని షెన్‌జెన్‌లో. మేమూ కావలి నుంచి అక్కడికే వెళ్లాలి కాబట్టి పిల్లలిద్దరికీ మాండరిన్, అంటే అక్కడ మాట్లాడే చైనీస్, మొదలుపెట్టాం. యాప్‌లో మాటలు బాగానే పట్టేశారు కానీ అన్నీ ఒకే గొంతుతో అప్పజెప్తారు, వీడియో కాల్‌లో అక్కడి పక్కింటావిడకి సగం అర్థం కాదు. మాండరిన్‌లో నాలుగు స్వరాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తే దించే తీరులు, స్వరం మారితే అర్థమే మారుతుంది.

మంచం మీద దిండ్లు పేర్చి బొమ్మ కారు ఇచ్చాను. మొదటి స్వరానికి కారు పైనే చదునుగా పోవాలి, రెండోదానికి గట్టు ఎక్కాలి, మూడోదానికి గుంటలో దిగి లేవాలి, నాలుగోదానికి జర్రున కిందికి, కారు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట అనాలి. చిన్నోడికి నాలుగోదంటే పిచ్చి, ఇల్లంతా అరుపులే. 'నీ హావ్' (నమస్తే)లో లాగా మూడో స్వరం మాటలు రెండు పక్కపక్కన వస్తే ముందున్నది రెండో స్వరమైపోతుంది, కానీ ఆ రూల్ పిల్లలకి చెప్పక్కర్లేదు, విని అనేస్తారు.

అంకెలకి వైకుంఠపాళి. పదకొండంటే పది-ఒకటి, ఇరవై అంటే రెండు-పది, అంతే! పది మాటలొస్తే 99 దాకా గళ్లు లెక్కపెట్టొచ్చు. చైనావాళ్లు పది దాకా ఒంటిచేత్తోనే చూపిస్తారు, ఆరుకి బొటనవేలూ చిటికెనవేలూ చాపితే చాలు, ఇది మా అత్తమ్మకి కూడా వచ్చేసింది.

పిన్‌యిన్, అంటే చైనీస్ మాటల్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి, మాత్రం ఇప్పుడే చూపించడం లేదు. బళ్లో ఇంగ్లీష్ అక్షరాలు నేర్చుకుంటున్నారు, క్యూ, ఎక్స్ అక్కడ వేరేలా పలుకుతాయి, ఆ టెన్షన్ తర్వాత పడొచ్చు.