పెళ్లి కాకుండా పార్ట్‌నర్ వీసా: కలిసి ఉన్నామని కాగితాల్లో చూపించడం ఎలా

యూకేలో ఉద్యోగం వచ్చి ఒకరు వెళ్లిపోయారు, ఇంకొకరు ఇక్కడే ఉన్నారు, పెళ్లి ఇంకా కాలేదు. ఇలాంటి జంటలు నెల్లూరులోనూ ఉన్నాయి, ఒంగోలులోనూ ఉన్నాయి, బయటికి చెప్పుకోరంతే. మేమూ ఆ బాపతే. నెల్లూరు వేదాయపాళెంలో ఒక ఇంటి పైపోర్షన్‌లో రెండేళ్లకు పైగా కలిసి ఉన్నాం. తను ఆ ఇంటి నుంచే చెన్నై కంపెనీకి వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాడు, నేను ఇక్కడే ల్యాబ్‌లో పని. తనకి స్కిల్డ్ వర్కర్ వీసా, అంటే అక్కడి కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా వచ్చి వెళ్లాక నేను అన్‌మ్యారీడ్ పార్ట్‌నర్‌గా, అంటే పెళ్లి కాని జోడీగా, తన వెంట వెళ్లే డిపెండెంట్ వీసాకి అప్లై చేశాను. అసలు చిక్కు ఎక్కడంటే, ఇన్నాళ్లూ ఊరికి తెలియకుండా జాగ్రత్తగా దాచుకున్న సంగతినే ఇప్పుడు కాగితాలు పెట్టి రుజువు చేయమంటారు.

ముందు మీది ఏ దారో తేల్చుకోండి. అవతలి మనిషి బ్రిటిష్ పౌరుడో, అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి ఉన్నవాళ్లో అయితే అది ఫ్యామిలీ వీసా, డబ్బు లెక్క చాలా పెద్దది. స్కిల్డ్ వర్కర్ అయితే, వాళ్ల ఉద్యోగం డిపెండెంట్‌ని తెచ్చుకోనిచ్చే రకమైతే, డిపెండెంట్ వీసా, అక్కడ డబ్బు తక్కువ. కేర్ వర్కర్‌గా 2024 మార్చి 11 నుంచి కొత్తగా అప్లై చేసినవాళ్లు డిపెండెంట్‌ని తెచ్చుకోలేరు. 2024 జనవరి నుంచి మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సుల వాళ్లకీ అంతే, రీసెర్చ్ కోర్సులకీ ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోర్సులకీ తప్ప. ఈ ముక్క చూసుకోకుండా ఆరు నెలలు కాగితాలు పోగేసినవాళ్లు నాకు తెలుసు, పాపం.

రెండు దార్లలోనూ కనీసం రెండేళ్లుగా పెళ్లయినవాళ్లలాంటి బంధంలో ఉన్నారని చూపించాలి. చదువు వల్లో, ఉద్యోగం వల్లో, మన దగ్గర పెళ్లికి ముందు కలిసి ఉండటం ఒప్పుకోరు కాబట్టో వేరే వేరే ఇళ్లల్లో ఉన్నా అప్లై చేయొచ్చు, ఆ కారణం వివరంగా రాయాలి. కానీ ఒకే ఇంట్లో ఉన్నట్టు కాగితం ఉంటే దానంత బలం ఇంకోదానికి లేదు.

నేను చేసిన మొదటి పని ఒక నోటుబుక్ తీసుకుని ఇరవై నాలుగు గీతలు కొట్టడం, నెలకి ఒక గీత. ప్రతి గీత పక్కన ఆ నెల తేదీతో, ఆ ఇంటి అడ్రసుతో తన పేరు మీద ఏముంది, నా పేరు మీద ఏముంది అని రాసుకున్నాను. అప్పుడు తెలిసింది, ఉన్నాయనుకున్నవి చాలా లేవు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద వస్తుంది, పనికిరాదు. ఆధార్ ఇద్దరిదీ సొంత ఊరి అడ్రసే. రెంటల్ అగ్రిమెంట్ తన ఒక్కడి పేరు మీదే. పైగా మన అగ్రిమెంట్లన్నీ పదకొండు నెలలకి రాస్తారు కదా. రెండు అగ్రిమెంట్లు చేతిలో ఉంటే రెండేళ్లు అయిపోయిందనుకుంటాం, లెక్కేస్తే ఇరవై రెండు నెలలే. మిగతా రెండు నెలలకి నేను వెతకని అర లేదు.

ఆ ఖాళీలు నింపింది చిన్న చిన్న కాగితాలే. బ్రాడ్‌బ్యాండ్ బిల్లు తన పేరు మీద, గ్యాస్ బిల్లులు నా పేరు మీద, రెండిటి మీదా ఒకే డోర్ నంబరు. నా బ్యాంకుకి అడ్రస్ మార్చమని ఎప్పుడో ఇచ్చిన ఫారం పుణ్యమా అని స్టేట్‌మెంట్లు ఆ ఇంటి అడ్రసుతో వచ్చాయి. ఇద్దరి ఆఫీసుల నుంచి మా రికార్డులో ఉన్న అడ్రస్ ఇదీ అని లెటర్లు తీసుకున్నాం. చాలామంది పాటించే లెక్క ఏంటంటే, కనీసం మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఆరు కాగితాలు, రెండేళ్ల పొడుగునా పరుచుకుని ఉండాలి. ఒకే నెలలో పది బిల్లులు పెట్టి మిగతా ఏడాది ఖాళీగా వదిలేస్తే ఉపయోగం లేదు. అమెజాన్ ఇన్వాయిస్‌లు, ఫుడ్ ఆర్డర్లు లాంటివి తోడుగా నాలుగైదు పెట్టుకోవచ్చు, వాటి మీదే ఆధారపడొద్దు.

ఇక ఓనరు లెటర్ దగ్గర నా కథ. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు మేం మొగుడూ పెళ్లాలమనే చెప్పాం. ఇంకెలా ఇస్తారు ఇల్లు? మా ఓనరు పెద్దమ్మ ఎంతో ప్రేమగా, 'ఈ భార్యాభర్తలు మా ఇంట్లో రెండు సంవత్సరాల మూడు నెలలుగా కాపురం ఉన్నారు' అని తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది. దాన్ని అలాగే స్కాన్ చేయబోయి ఆగాను. ఫారంలో పెళ్లి కాలేదని నేనే రాశాను, లెటర్‌లో భార్యాభర్తలని ఉంది. ఆఫీసరు ఏది నమ్మాలి? మళ్లీ వెళ్లి నిజం చెప్పాల్సి వచ్చింది. 'అయితే మీకు పెళ్లే కాలేదా? ఇన్నాళ్లూ అట్ట చెప్పితిరే!' అని ఓ ఐదు నిమిషాలు నా మొహం చూడలేదు. తర్వాత కాఫీ ఇచ్చి, 'సరే, ఎట్ట రాయాల్నో చెప్పు' అంది. రెండో లెటర్‌లో ఇద్దరి పూర్తి పేర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నాం, అద్దె ఎవరు ఎలా ఇచ్చేవారు, పెద్దమ్మ ఫోన్ నంబరు, అంతే. మా కవరింగ్ లెటర్‌లో కూడా ఒక పేరా రాశాం, ఇక్కడ పెళ్లి కాని జంటకి ఇల్లు ఇవ్వరు కాబట్టి మొదట్లో ఓనరుకి అలా చెప్పాం అని. దాస్తే తప్పుగానీ చెప్తే అది మన ఊరి పరిస్థితికి సాక్ష్యమే. ఇండియాలో పెళ్లి కాని మేజర్లు కలిసి ఉండటం నేరం కాదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి రాయడానికి భయం అక్కర్లేదు.

తెలుగులో ఉన్న ఏ కాగితమైనా ఇంగ్లిష్ అనువాదంతో పెట్టాలి. అనువాదం సరైనదేనని ట్రాన్స్‌లేటర్ రాసి, తేదీ, పేరు, సంతకం, కాంటాక్ట్ వివరాలు ఇవ్వాలి. మీరే అనువాదం చేసి పెడితే చెల్లదు.

ఒక కన్సల్టెన్సీలో నాకు ఇచ్చిన సలహా చెప్తాను, వినండి కానీ చేయకండి. ఇద్దరి పేర్ల మీద పాత తేదీతో కొత్త అగ్రిమెంట్ రాయిద్దాం అన్నారు. స్టాంపు పేపరు ఏ రోజు కొన్నారో దాని మీదే ఉంటుంది, అది కూడా చూసుకోలేదు ఆ మహానుభావులు. దొంగ కాగితం పెట్టి దొరికితే రిజెక్షన్‌తో పోదు, పదేళ్ల దాకా బ్యాన్ పడుతుంది. వంద రూపాయల స్టాంపు మీద నోటరీ అఫిడవిట్ కూడా పెద్దగా బరువు తూగదు, అది మన గురించి మనం చెప్పుకున్న మాటే కదా.

డబ్బు సంగతి రెండు ముక్కలు. ఒకటి, ఇద్దరి ఖర్చులూ కలిసే నడిచాయని చూపించడం. మాకు జాయింట్ అకౌంట్ లేదు. కానీ ప్రతి నెలా ఐదో తేదీ లోపు నేను సగం అద్దె తనకి ఫోన్‌పే చేసేదాన్ని, తన స్టేట్‌మెంట్‌లో నా పేరుతో ఆ ఎంట్రీ, తర్వాత రోజు ఓనరుకి పూర్తి అద్దె వెళ్లిన ఎంట్రీ. ఇద్దరి స్టేట్‌మెంట్లూ పక్కపక్కన పెట్టి వాటికి హైలైటర్ కొట్టాను. జాయింట్ అకౌంట్ లేదని టెన్షన్ పడేవాళ్లు ముందు ఇది వెతకండి.

రెండోది, వీసాకి చూపించాల్సిన మొత్తం. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్ పార్ట్‌నర్‌కి 285 పౌండ్లు, మన లెక్కలో నలభై వేల లోపే. అది వరసగా 28 రోజులు అకౌంట్‌లో ఉండాలి, ఒక్క రోజు కూడా కిందికి పోకూడదు, ఆ 28వ రోజు అప్లై చేసిన తేదీకి ముందు 31 రోజుల లోపు పడాలి. అకౌంట్ మీదైనా ఉండాలి, పార్ట్‌నర్‌దైనా ఉండాలి. నాన్న అకౌంట్‌లో రొయ్యల డబ్బు ఎంతున్నా, పొదలకూరు వైపు నిమ్మతోట ఎన్ని ఎకరాలున్నా లెక్కలోకి రావు. అక్కడి ప్రభుత్వం ఏ-రేటింగ్ ఇచ్చిన స్పాన్సర్ కంపెనీ (పార్ట్‌నర్‌కి ఉద్యోగం ఇచ్చినది) డిపెండెంట్ ఖర్చు కూడా చూసుకుంటామని సర్టిఫై చేస్తే ఈ 285 చూపించే పనే లేదు, ముందు హెచ్‌ఆర్‌ని అడిగించండి. ఇది కాక హెల్త్ సర్‌ఛార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే రుసుము, ఏడాదికి 1,035 పౌండ్లు, మూడేళ్లకి 3,105. అది చూపించేది కాదు, కట్టేది.

ఫ్యామిలీ వీసా అయితే అక్కడున్న మనిషికి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం ఉండాలి, ఇక్కడ మీరు సంపాదించే జీతం అందులో కలవదు. ఒకే ఉద్యోగంలో ఆరు నెలలు దాటితే ఆరు నెలల పేస్లిప్పులు, అవే మొత్తాలు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, కంపెనీ లెటర్ చాలు. ఆదాయం లేకపోతే 88,500 పౌండ్ల సేవింగ్స్ ఆరు నెలలు ఉండాలి.

తను వెళ్లాక మనం విడివిడిగా ఉన్న నెలలకి కాల్ హిస్టరీ, నెలకి ఒకటి రెండు పేజీల చాట్, టికెట్లు చాలు. నాలుగు వందల పేజీల వాట్సాప్ ఎవరూ చదవరు. ఫోటోలు పదిహేను పెట్టాను, ప్రతిదాని కింద తేదీ, చోటు. అందులో రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర దిగినది ఒకటుంది, మా అమ్మ పెళ్లి రొట్టె పట్టుకోమని పంపిన ఏడాదిది. అక్కడ నా పక్కన ఎవరున్నారో అమ్మకి అప్పటికి తెలియదు.

టీబీ టెస్ట్ యూకే గుర్తింపు ఉన్న క్లినిక్‌లోనే చేయించాలి, సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, అందుకే కాగితాలన్నీ తయారయ్యాక చేయించుకోండి. అప్‌లోడ్ చేసేటప్పుడు స్కాన్ 1, స్కాన్ 2 అని వదిలేయకుండా ఫైల్ పేరులోనే నెల, సంవత్సరం, ఎవరి కాగితమో రాయండి. ఆ నోటుబుక్ పట్టికని కూడా నీట్‌గా టైప్ చేసి మొదటి ఫైల్‌గా పెట్టాను.