మార్షల్ ఆర్ట్స్ మాస్టరు అర్హతలను, ‘తొలి’ ఘనతలను సరిచూసుకోవడం ఎలా?

పిల్లలను కరాటేలోనో తైక్వాండోలోనో చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఫీజు ఎంత, క్లాసులు ఎన్ని గంటలకు అని అడుగుతాం గానీ, మాస్టరుగారి వెనుక గోడకు వేలాడే ఫ్రేముల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటీ చదివేవాళ్ళు చాలా తక్కువ. పరిశీలన అక్కడే మొదలు కావాలి. ఎన్నో డాన్ (బ్లాక్ బెల్ట్‌లో స్థాయి), ఏ తేదీన ఇచ్చారు, నంబరు ఎంత, ఇచ్చిన సంస్థ ఏది అన్నవి రాసుకోండి. బంగారు రంగు ముద్రనూ కొరియన్, జపనీస్ అక్షరాలనూ చూసి తృప్తిపడవద్దు. అవి ఏ ప్రింటింగ్ ప్రెస్సులోనైనా వేయించగలిగినవే. ఏళ్ళ తరబడి చెమటోడ్చి బెల్టు సంపాదించుకున్న మాస్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. పరీక్ష ఎక్కడ జరిగిందో, ఎవరు తీసుకున్నారో ఆయనే చెబుతారు.

తైక్వాండో విషయంలో ఈ పని సులువు. ఒలింపిక్ శైలి తైక్వాండోకు డాన్ ధ్రువపత్రాలు ఇచ్చేది సియోల్‌లోని కుక్కివాన్ అనే సంస్థ. వాటిని దాని వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవచ్చు. తైక్వాండోలోనే మరో శాఖ అయిన ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) వారి ధ్రువపత్రాలు వేరుగా ఉంటాయి కాబట్టి, కుక్కివాన్‌లో పేరు దొరకనంత మాత్రాన అబద్ధమని తేల్చేయకూడదు. ఆ తరువాత వయసు లెక్క వేయండి. కుక్కివాన్ సాధారణ నియమాల ప్రకారం మొదటి డాన్ నుంచి రెండుకు ఏడాది, రెండు నుంచి మూడుకు రెండేళ్ళు, ఇలా వ్యవధి పెరుగుతూ పోయి, మొదటి డాన్ నుంచి ఏడో డాన్ చేరడానికి కనీసం 21 ఏళ్ళు పడుతుంది. 26 ఏళ్ళ యువకుడు ఏడో డాన్ అని బోర్డు పెట్టుకున్నాడంటే, అయిదో ఏటనే మొదటి డాన్ సాధించి ఉండాలి.

కరాటేలో చిక్కు ఎక్కువ. షోటోకాన్, గోజు-ర్యు, షిటో-ర్యు వంటి శైలులు అనేకం ఉన్నాయి, ఒక్కో శైలిలోనూ పలు సంస్థలున్నాయి; అందరికీ కలిపి డాన్ ఇచ్చే సంస్థ ఒక్కటీ లేదు. అందువల్ల శైలి పేరు, పరీక్ష తీసుకున్న గురువు పేరు తెలుసుకుని, ఆ సంస్థ ప్రధాన కార్యాలయానికి మెయిల్ రాయడమే మార్గం. సంస్థ పేరులో ‘వరల్డ్’, ‘ఇంటర్నేషనల్’ అని ఉన్నా తొందరపడి నమ్మవద్దు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు ఆ సొసైటీ ఉందని మాత్రమే చెబుతుంది, విద్య వచ్చని చెప్పదు. పేరు ముందు ‘డాక్టర్’ ఉంటే డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయాన్ని యూజీసీ జాబితాలో వెతకండి.

ఇక అన్నిటికంటే ఓపికగా చూడవలసినవి ‘తొలి’ ఘనతలు. ‘తెలంగాణలో తొలి బ్లాక్ బెల్ట్’ అన్న మాటనే తీసుకోండి. రాష్ట్రం ఏర్పడింది 2014 జూన్ 2న. ఆ తేదీ తరువాత తొలివారనా, లేక దశాబ్దాల కిందట హైదరాబాదులో, వరంగల్లులో సాధన చేసినవారందరికంటే ముందనా? ఏ విద్యలో, ఏ శైలిలో? తొలిసారి నేర్చుకోవడం, నేర్పడం, సంఘం పెట్టడం మూడూ వేర్వేరు సంగతులు. కాబట్టి ఆ ఘనతను విద్య, ఊరు, సంవత్సరం ఉన్న ఒక్క వాక్యంగా రాసి ఇమ్మని మర్యాదగా అడగండి. అప్పుడు దాన్ని పరీక్షించవచ్చు: గ్రంథాలయంలోని ఆ కాలపు దినపత్రికల్లో, పాత టోర్నమెంట్ కరపత్రాల్లో, తేదీ ఉన్న ఫొటోల్లో ఆధారం వెతకవచ్చు, అదే కాలంలో నేర్పిన ఇతర మాస్టర్లను అడగవచ్చు. తరువాత ఎప్పుడో ఆయన శిష్యులు వేసిన సావనీరు, సన్మాన పత్రం ఆధారం కావు. అవి ఆయన చెప్పినదాన్నే తిరిగి చెబుతాయి. తేదీలు తిరగబడుతున్నాయేమో కూడా చూడాలి. తైక్వాండో అన్న పేరే 1955లో పెట్టినది, కుక్కివాన్ 1972లో మొదలైంది; 1970 తేదీతో కుక్కివాన్ ధ్రువపత్రం చూపితే అంతటితో ఆగిపోవచ్చు. ఇంత పట్టుదల ఎందుకంటే, అబద్ధపు ‘తొలి’ ఒకటి నిలబడితే, నిజంగా ముందు నడిచిన మనిషి పేరు చెరిగిపోతుంది.

మన కర్రసాముకు ఈ కొలతలు సరిపోవు. తాలింఖానాలో, అంటే ఊళ్ళో కసరత్తు, సాము నేర్పే చోట, నేర్చుకున్నవారి దగ్గర తరచుగా కాగితమే ఉండదు, అది లోపమూ కాదు. గురువు పేరు, ఆయన గురువు పేరు, ఊరు, ఎన్నేళ్ళు నేర్చుకున్నదీ అడిగి, వీలైతే ఆ ఊరు వెళ్ళి, ఆయనతో కలిసి పండుగ ఊరేగింపుల్లో కర్ర తిప్పిన పెద్దలను పలకరించండి.