సిమ్యులేషన్ ల్యాబ్‌లో పిల్లలు మనల్ని చూసి నేర్చుకునే తప్పులు: సమస్య - పరిష్కారం

కర్నూలులో నర్సింగ్ విద్యార్థులకు ప్రాక్టికల్స్ చెబుతాను. రోగి బదులు బొమ్మ మీద సాధన చేసే ఈ ల్యాబ్‌లో వాళ్లు చేసే తప్పుల్లో చాలావాటికి మూలం మా ట్యూటర్ల దగ్గరే కనిపించింది.

సమస్య: చేతులు శుభ్రం చేసుకోకుండానే మానికిన్‌ను, అంటే ఆ బొమ్మను, ముట్టుకుంటారు. అడిగితే "కడుక్కున్నాం అనుకోండి మేడమ్" అంటారు.

కారణం: ఆ "అనుకోండి" మన మాటే. టైమ్ చాలదని డెమోలో శానిటైజర్ సీసా వైపు చెయ్యి చూపించి ముందుకు పోతాం. 1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లలు అదే తీరున కొట్టారు, అవే మాటలు అన్నారు. మన ల్యాబ్‌లోనూ మంచం మీద ఉన్నది బొమ్మే, చుట్టూ చూస్తున్నది పిల్లలే.

పరిష్కారం: నిజంగా చేసి చూపించండి. ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40 నుంచి 60. డెమో మొదటిసారి అసలు వేగంలో, మాట్లాడకుండా. రెండోసారి ఆగి ఆగి, ఎందుకో చెబుతూ. మూడోసారి విద్యార్థి చెబుతుంటే మనం చెయ్యాలి. ఆ తర్వాతే వాళ్ల చేతికివ్వాలి. మూడోది మాత్రం వదలొద్దు, ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో అక్కడే తెలిసిపోతుంది.

సీపీఆర్‌లో, అంటే గుండె ఆగినప్పుడు చేసే చికిత్సలో, ఛాతీ మీద నొక్కుడు తేలిపోతోందా? మనం నాలుగుసార్లు నొక్కి ఆపేస్తున్నాం కాబట్టే. నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, పూర్తిగా 2 నిమిషాలు చెయ్యండి. మనకు చెమట పట్టడం కూడా వాళ్లు చూడాలి.

సమస్య: సూది చక్కగా వేస్తారు, రోగితో ఒక్క మాటా మాట్లాడరు.

కారణం: మనం బొమ్మ వైపు చూడకుండా విద్యార్థులతోనే, అదీ ఇంగ్లీషులో మాట్లాడతాం. ఆదోని నుంచో ఆలూరు నుంచో వచ్చిన అవ్వకు "ప్రొసీజర్" అంటే ఏం తెలుస్తుంది?

పరిష్కారం: "అవ్వా, నీ పేరేంది? సూది వేస్తాండా, కొంచెం చురుక్కుమంటాది" అని బొమ్మతోనే అనండి. చెప్పిన పేరును చేతి పట్టీతో సరిచూడండి. వీలైతే ఒక సీనియర్‌ను రోగిగా పడుకోబెట్టండి. పిల్లల గొంతే మారిపోతుంది.

సమస్య: డిబ్రీఫింగ్‌లో, అంటే ప్రాక్టికల్ అయ్యాక కూర్చుని చర్చించుకునేటప్పుడు, ఎవరూ నోరు విప్పరు.

కారణం: మార్కులు పోతాయన్న భయం. పైగా ట్యూటర్ తన తప్పు ఒప్పుకోవడం వాళ్లెప్పుడూ చూడలేదు.

పరిష్కారం: మన తప్పు ముందు చెప్పాలి. ఓసారి యాంటీబయాటిక్ డెమోలో అలర్జీ ఉందా అని అడగడం మరిచిపోయాను. డిబ్రీఫింగ్‌లో నేనే ఆ సంగతి ఎత్తాను. వెనక వరసలోంచి ఒకమ్మాయి, "నేను చూశా మేడమ్, చెప్తే ఏమనుకుంటారోనని ఊరుకున్నా" అంది. వార్డులో కూడా అలాగే ఊరుకుంటుందేమోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ప్రతి డెమోకు ముందే చెబుతున్నాను: నేనేదైనా వదిలేస్తే అక్కడికక్కడే ఆపండి. ఆపిన అమ్మాయికి థ్యాంక్స్ చెప్పి, గ్లౌజులు తీసేసి మళ్లీ మొదటినుంచి చేస్తాను.