ఇగ్నోలో ఎం.ఏ. ఇంగ్లిష్: ముందు గంటలు లెక్కేయండి

ఉద్యోగం చేస్తూ ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేవాళ్లకు: ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 8 క్రెడిట్ల పేపరుకు 240 గంటలు, అంటే రోజుకు రెండు గంటల చొప్పున నాలుగు నెలలు. కాబట్టి ఏడాదికి మూడు పేపర్లు చాలు. గరిష్ఠ గడువు 4 ఏళ్లుంది, తొందరపడి అన్నీ ఒకేసారి రాయకండి.

అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ. రెండింట్లోనూ విడివిడిగా 40 శాతం రావాలి. పరీక్షలో ఎంత బాగా రాసినా అసైన్‌మెంటు ఇవ్వకపోతే పేపరు పూర్తికాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: పాత సెషన్ (గడిచిపోయిన విడత) అసైన్‌మెంటు ప్రశ్నలకు జవాబులు రాసేస్తారు. అసైన్‌మెంటు ప్రశ్నపత్రం మీద సెషన్ చూశాకే కలం పట్టండి. చేత్తో రాసి, స్కాన్ తీసి, అప్పగించినప్పటి రసీదుతో కలిపి ఆ స్కాన్ దాచుకోండి.

బ్రిటిష్ పొయెట్రీ పేపర్లో పద్యభాగాలిచ్చి సందర్భసహిత వ్యాఖ్య అడుగుతారు. బ్లాకు (ఇగ్నో ఇచ్చే పాఠ్యపుస్తకం)లోని విమర్శ మాత్రమే చదివినవాళ్లు ఆ పంక్తులు ఏ కవితవో గుర్తుపట్టలేరు. ముందు కవితను గట్టిగా రెండుసార్లు చదవండి, ఆ తర్వాతే విమర్శ. జవాబులో కవి, కవిత, సందర్భం రెండు వాక్యాల్లో తేల్చి, మిగతా చోటంతా ఆ పంక్తుల్లోని పదచిత్రాలకు, లయకు ఇవ్వండి.